నేను కోసిన ముదురాకు

అరటాకు ముక్క అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అలాంటి ముక్కలు కొన్ని, ఒక ఉదయం తెనాలి దగ్గర ఒక తోటలో కోసి, తడిగుడ్డలో చుట్టి, బాపట్ల తీసుకెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఇప్పుడు రిటైరయ్యాను. మధ్యలో ఉన్న ఏళ్ళన్నీ వాటిని మోస్తూనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మా ఆయనకి కూడా చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకి చెప్పలేనిది తెలియనివాళ్ళకి చెప్పడం తేలికేమో. పేరు రాయకుండా ఒప్పుకుంటే అది సగం ఒప్పుకోలే కదా అని మీరు అడగొచ్చు. అడగండి. నేనూ అడుగుతున్నాను. పేరుతో, ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన చోటు ఒకటి ఉంది. అక్కడికి ఈమధ్యే వెళ్ళొచ్చాను. ఎంత ఆలస్యంగా వెళ్ళానో చదివితే మీకే తెలుస్తుంది.

నేను శాస్త్రవేత్తనేమీ కాదు. బాపట్లలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా చేశాను. ఆ ల్యాబు ఇప్పుడు లేదు. మొక్కలకు వైరస్ తెగుళ్ళు ఉన్నాయో లేవో చూసి చెప్పడం మా పని. ఎక్కువగా అరటి వచ్చేది. తెనాలి నుంచి రేపల్లె దాకా, కృష్ణ ఒడ్డు లంకల్లో అరటి వేసేవాళ్ళు, పిలకలు కొనేముందు ఆ తోటకి పరీక్ష చేయించారా అని అడగడం అప్పుడప్పుడే మొదలైంది. పిలక అంటే తల్లి చెట్టు దుంప పక్కన పుట్టే పిల్ల మొక్క. చాలా పంటల్లో మొక్కంతా రోగమున్నా గింజలోకి దిగదు. అరటికి ఆ అదృష్టం లేదు, మనం వేసే అరటికి గింజే లేదు కాబట్టి. తల్లికి ఉన్నది పిల్లకి వస్తుంది. అందుకే తల్లితోట మంచిదా కాదా అన్నది కొనేవాడికి బతుకు సమస్య.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. వైరస్ మొక్కలో అన్ని చోట్లా ఒకేలా ఉండదు. రసం ఎటు పోతే అది అటు పోతుంది. ముదిరిన ఆకు వండిపెట్టే మనిషి లాంటిది. దాని నుంచి రసం బయటికి పోతుందే తప్ప లోపలికి రాదు. అందుకని చెట్టుకి రోగం తగలకముందు విచ్చుకున్న ఆకులు, తగిలాక కూడా శుభ్రంగానే ఉంటాయి. లేతాకు అలా కాదు, అది ఇంకా తిని పెరగాలి. దుంపా అంతే, వేళ్ళూ అంతే. రోగం అక్కడికి చేరుతుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. లేతాకులన్నిటి లోపల, ఆవగింజలో సగం కూడా ఉండని కొనమొగ్గ ఉంటుంది. చాలాసార్లు వైరస్ అక్కడిదాకా వెళ్ళదు. చెట్టంతా చెడినా ఆ కాస్తా బాగుంటుంది. టిష్యూ కల్చర్ మొక్కలు పుట్టుకొచ్చిందే ఆ కాస్త మీద నమ్మకంతో.

కాబట్టి పరీక్షకి ఏ ఆకు కోస్తామన్నదే అసలు విద్య. పై నుంచి, కొత్తగా విచ్చుకున్న ఆకు కోయాలి. ఈనె ఉన్న ముక్క తీసుకోవాలి. కిందాకు కోసుకొస్తే పరీక్ష చేసినట్టే ఉంటుంది, చేసినట్టు కాదు. ఈ మాట కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్పేదాన్ని. గొంతు పెంచి మరీ చెప్పేదాన్ని.

అంత తెలిసినదాన్ని. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆ తోట మా బావది. మా నాన్న పోయాక అమ్మనీ నన్నూ తెనాలిలో తన ఇంట్లో పెట్టుకున్నాడు. అక్కకి మొగుడే అయినా నాకు తండ్రి తర్వాత తండ్రి. చదివించాడు, పెళ్ళి చేశాడు, ఒక్కనాడూ ఆ మాట ఎత్తిపొడవలేదు. ఆయనకి ఒకటే సరదా. తోటకి ఎవరొచ్చినా మా మరదలు సైంటిస్టు అని చెప్పేవాడు. కాదు బావా, టెక్నీషియన్‌ని అంటే వినేవాడు కాదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా కాదనలేదు. ఆ మాట వినడానికి బాగుండేది. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానిలో కృతజ్ఞత ఎంత, ఈ సరదా ఎంత అని నేను చాలాసార్లు తూకం వేశాను. ఇప్పటికీ తేలలేదు.

సొంతవాళ్ళ తోటకి నమూనా తీయడానికి నేను వెళ్ళకూడదు. వెళ్ళాల్సిన మనిషి సెలవు పెట్టాడు. నేను వెళతానన్నాను. అక్క ఆపరేషన్ చేయించుకుని అప్పుడే ఇంటికి వచ్చింది, చూసినట్టూ ఉంటుందని అనుకున్నాను. బయల్దేరేటప్పుడు మనసులో వేరే ఏమీ లేదు. ఇది నా తరఫున చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మాట.

కర్పూర చక్కెరకేళి తోట. గెలలు నిండుగా దిగుతున్నాయి. ఒక చివర బావ కూలీల చేత పిలకలు తవ్విస్తున్నాడు. నేను రెండో చివర నుంచి చూసుకుంటూ వస్తున్నాను. కాలవ వైపు మూలలో కొన్ని చెట్ల దగ్గర ఆగిపోయాను. పై ఆకులు కురచగా, సన్నగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు నిలువుగా లేచి ఉన్నాయి. కాడ మీద చిక్కటి ఆకుపచ్చ గీతలు, మధ్యమధ్య చుక్కలు. మట్టల సందుల్లో నల్లగా పేనుబంక, రసం పీలుస్తూ ఈ తెగుల్ని చెట్టు నుంచి చెట్టుకి మోసే చిన్న పురుగు. ఇంక పరీక్ష అక్కర్లేదు. బంచీ టాప్. వెర్రితల తెగులు అంటారు. అది తగిలిన లేత చెట్టు గెల వేయదు. దానికి మందు లేదు. దుంపతో సహా తవ్వి పూడ్చిపెట్టడమే. అది ఉందని తేలితే ఆ తోటలో పిలక ఒక్కటి కూడా అమ్మకూడదు.

ఆ చెట్లకే కింది ఆకులు నిగనిగలాడుతున్నాయి. వెడల్పుగా, పచ్చగా, కోసుకుని భోజనం వడ్డించుకోవచ్చు అన్నట్టు ఉన్నాయి.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇంటి దగ్గర వసారాలో మంచం మీద అక్క పడుకుని ఉంది. ఆ ఇంటికి ఉన్న ఆధారమంతా ఈ తోటే. బావ దూరం నుంచి అన్నీ బాగున్నాయా అని కేకేశాడు. నేను చెయ్యి ఊపాను. ఆ ఊపడంలో అవును ఉందా కాదు ఉందా? నాకు తెలియదు, ఆయన మాత్రం అవునని తీసుకున్నాడు.

అనుమానం ఉన్న చెట్ల నుంచి నమూనా తప్పనిసరిగా తీయాలని మా నియమం. తీశాను. చెట్టు మార్చలేదు. ఆకు మార్చాను. ఆ మూల చెట్లవే, అన్నిటికన్నా కిందున్న ముదురాకులు కోశాను.  ఎప్పటిలాగే నింపాదిగా ఒక్కొక్కటీ తడిగుడ్డలో చుట్టాను.

వెళ్ళేముందు బావతో ఆ మూల చెట్లు నాకు నచ్చలేదు, దుంపలతో తీసి పూడ్చెయ్యమని చెప్పాను. జబ్బా అని అడిగాడు. అనుమానమే అన్నాను. సాయంత్రానికల్లా తీయించేశాడు. ఆయన తప్పు ఏమీ లేదు, ఈ మాట స్పష్టంగా రాయాలి. ఆయన నన్ను ఏమీ దాచమనలేదు. నేను చెప్పినంత వరకూ చేశాడు. నేను చెప్పనిది ఏమిటంటే, ఆ మూలలో పైకి కనబడినవి కొన్నే, వాటి పక్కన బాగున్నట్టు కనిపించే చెట్లలోకి కూడా అది దిగి ఉండొచ్చు, దుంపలో చేరి పిలకల్లోకి పోయి ఉండొచ్చు, బయట పడటానికి ఇంకా రోజులు పట్టొచ్చు అన్నది. అవన్నీ నాకు తెలుసు. నాలుగు చెట్లు తీయించి చేతులు దులుపుకున్నాను. కంచే చేను మేయడం అంటే ఇదే.

బాపట్లలో ఆ ఆకు ముక్కల్ని నూరి, పిండి, పళ్ళెంలోని గుంటల్లో పోశాను. వైరస్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. ఏ గుంటలోనూ తిరగలేదు. నేను ఒక్క అబద్ధం రాయలేదు. ఆకుల్లో వైరస్ లేదు, లేదనే రాశాను. రిపోర్టులో ప్రతి అక్షరం నిజం. అలాంటి అబద్ధం ఆడాలంటే చదువుకుని ఉండాలి.

ఇక్కడితో అయిపోయి ఉంటే? కొన్నాళ్ళు అదే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాకపోతే తప్పు తప్పు కాకుండా పోతుందా? ఆ ప్రశ్నతో ఎక్కువ రోజులు ఉండనక్కర్లేకపోయింది.

మా సొంత ఊరు రేపల్లె అవతల, నగరం అనే ఊరి వైపు ఒక పల్లె. అక్కడి లూథరన్ గుడిలోనే నాకు బాప్తిస్మం ఇచ్చారు. పెళ్ళయి బాపట్ల వచ్చినా, పండగలకీ, ప్రభువు భోజన సంస్కారం ఉండే ఆదివారాలకీ అక్కడికే వెళ్ళేదాన్ని. ఆ గుడిలో మగవాళ్ళ వైపు ముందు వరసలో యోహాను అనే ఆయన కూర్చునేవాడు. చుట్టరికం లేదు. బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయన భార్య మార్తమ్మని పిన్నీ అనేదాన్ని. ఇద్దరూ చిన్నప్పటి నుంచి పరాయి పొలాల్లో కూలి చేసినవాళ్ళు. ఆ ఏడు మొదటిసారి పొలం కౌలుకి తీసుకుని అరటి వేద్దామనుకున్నారు. పిలకలు ఎక్కడ మంచివి దొరుకుతాయని బాబాయి నన్ను అడిగాడు. అప్పటికే బావ తోట సంగతి ఎవరో చెప్పి ఉన్నారు. అది మీ బావగారిదేనటగా, పరీక్ష చేయించారటగా అన్నాడు.

వద్దని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అని అడుగుతాడు. ఆ ఎందుకుకి జవాబు చెప్పాలి. చెప్పాల్సి వస్తుందని, పరీక్ష చేసింది నేనే బాబాయ్ అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంక ఎవర్నీ అడగక్కర్లేదన్నాడు.

పిలకలు మా ఊరు చేరాయి. కొన్ని మొదటి నుంచీ గిడసబారిపోయాయి. మిగతావి చక్కగా లేచాయి, బాబాయి గుడిలో కనబడినప్పుడల్లా వాటి సంగతులు చెప్పేవాడు. తర్వాత పేనుబంక ఒక మొక్క మీద నుంచి ఇంకో మొక్క మీదకి పాకినట్టే తెగులూ పాకింది. గెల వేసే వయసు వచ్చేసరికి తోట సగానికి పైగా పై ఆకులు కుచ్చులా లేచి నిలబడ్డాయి. పక్కన సాంబయ్య గారి తోట. తాతల నాటి నుంచి అరటి వేసే ఇల్లు వాళ్ళది. అందులోనూ పడింది. కూలి చేసుకునేవాడు తగుదునమ్మా అని అరటి వేసి ఊళ్ళోకి రోగం తెచ్చాడని సాంబయ్య గారు అందరి ముందూ అన్నాడట.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బాబాయి నన్ను పొలానికి తీసుకెళ్ళాడు. పిన్ని వెనకాలే వచ్చింది. గట్టు పొడవునా చేమ ఏపుగా ఉంది. రేపల్లె మార్కెట్లో అమ్ముకోవచ్చని పిన్ని వేసుకున్న చేమ. బాబాయి ఒక ముడుచుకుపోయిన ఆకు తుంచి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"చదువుకున్నదానివి, నిజం చెప్పమ్మాయ్. ఇది నా చేతి తప్పేనా?"

నేను ఆ ఆకు మడతలు విప్పడం మొదలుపెట్టాను.

"పిలకలు మంచియ్యేగా. నువ్వే చూశావుగా."

"చూశాను బాబాయ్. పరీక్షలో ఏమీ రాలేదు."

"మరి ఎక్కణ్ణించొచ్చినట్టు? గట్టున మీ పిన్ని చేమ ఏసింది. ఆళ్ళూ ఈళ్ళూ దాని మీద నల్లపురుగుందంటన్నారు. దాన్నించి గానీ వచ్చిందంటావా?"

నేను చేమ ఆకు తిప్పి చూశాను. చూడాల్సిన అవసరం లేదు, ఏం చెప్పబోతున్నానో నాకు అప్పటికే తెలుసు.

"అయ్యుండొచ్చు బాబాయ్. పేనుబంక చేమ మీద కూడా ఉంటుంది."

ఇదీ నా మాట. ఇందులోనూ అబద్ధం లేదు చూడండి. పేనుబంక చేమ మీద ఉంటుంది. నిజమే. అయ్యుండొచ్చు అన్నాను తప్ప అయిందని అనలేదు. ఆకు కోసినప్పుడు ఒక తప్పు చేశాను, అది భయం వల్ల అయిందనుకుందాం. ఈ మాట అన్నప్పుడు ఏ భయం ఉంది? ఆయన తనంతట తానే ఒక దారి చూపించాడు, నేను అందులోంచి బయటపడ్డాను. అంతే కదా జరిగింది? ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా తినేసింది ఆకు కాదు. ఈ మాటే.

పిన్ని వెనకనే నిలబడి ఉంది. విన్నది. వంగి గట్టు మీది చేమ మొక్క ఒకటి పీకింది. తర్వాత ఇంకొకటి. మేము తిరిగి వచ్చేస్తుంటే ఇంకా పీకుతూనే ఉంది.

మా సంఘంలో కోత పండగకి ఎవరికి పండింది వాళ్ళు గుడికి తెస్తారు. వడ్లు, గుమ్మడికాయలు, కొబ్బరి బొండాలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం పాటకి పెడతారు. మేకల్నీ కోళ్ళనీ పాడుకునేటప్పుడు నవ్వులే నవ్వులు. ఆ ఏడు తన తోటలో మొదటి గెల దేవుడి సన్నిధికే తెస్తానని బాబాయి ముందు నుంచీ అందరికీ చెప్పుకున్నాడు. ఖాళీ చేతులతో వచ్చాడు. సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాడు.

మామూలుగా సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెబుతారు. ఆయన అలా చెప్పలేదు. నా ఇంటివాళ్ళ తెలియనితనం వల్ల తెగులు వచ్చింది, నేను నష్టపోయింది చాలక పక్కవాళ్ళ పంట కూడా పాడు చేశాను, దేవుడూ సంఘమూ నన్ను క్షమించాలి అని చేతులు జోడించాడు. పిన్ని ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. కొంగు తల మీదకి లాక్కుని నేల వైపు చూస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెని చూస్తున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన ముగించాక అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

మా ఆరాధనలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చెబుతాం. తలంపు వల్ల, మాట వల్ల, క్రియ వల్ల పాపం చేశామని గొంతు కలిపి చెబుతాం. ఏ పాపం అని ఎవరూ అడగరు. తిలా పాపం తలా పిడికెడు. ఆ గుంపులో దాక్కోవడం ఎంత సుఖమో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ గుడిలో ఆ రోజు విడిగా లేచి ఒప్పుకున్న మనిషి ఒక్కడే. ఒప్పుకోవడానికి ఏమీ లేని మనిషి.

తోట పెరికేశారు. కౌలు వదిలేశారు. బాబాయి మళ్ళీ కూలికి వెళ్ళాడు, కొన్నాళ్ళు రొయ్యల చెరువుల మీద పనిచేశాడు. ఆ తర్వాత సొంతంగా ఏ పంటా వేయలేదు. సాంబయ్య గారి ఇంటికి కూడా వెళ్ళి క్షమించమన్నాడట.  అదే దారి, అదే కాలవ, ఎదురుపడినా పలకరింపు లేదు.

ఇంట్లో బాబాయి పిన్నిని ఒక్క మాట అనలేదు. ఇది పిన్నే ఒకసారి మా అమ్మతో చెప్పింది. తిట్టలేదు వదినా, పోనీలే అన్నాడు అని. ఆ పోనీలేకి అర్థం ఏమిటి? తప్పు నీదే, నేను మన్నించాను అని. చెయ్యని తప్పుకి మన్నింపు తీసుకుని ఆవిడ బతికింది. ఒకసారి వాళ్ళింట్లో నాకు భోజనం పెట్టింది. పక్కింటామె చేమదుంపల పులుసు గిన్నెలో తెచ్చి ఇవ్వబోతే గుమ్మంలోనే వెనక్కి పంపేసింది. పంపి, నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నీకు తెలుసుగా అన్నట్టు నవ్వింది. నాకు తెలుసు. ఆవిడకి తెలియనిది నాకు తెలుసు. నేను అన్నంలో చారు పోసుకున్నాను.

చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. బావ ఉన్నాడు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆయన తోట పేరు పోతుంది, పిలకలు కొన్నవాళ్ళంతా మీద పడతారు, నా మరదలు అని చెప్పుకున్న నోటితో ఆయన ఏం చెబుతాడు? ఆయన పోయాక చెబుదాం. అవును, అలాగే అనుకున్నాను. నన్ను పెంచిన మనిషి చావు కోసం ఎదురుచూసినట్టే కదా ఇది? అలా అని ఎప్పుడూ మనసులో కూడా పైకి అనుకోలేదు. కానీ లెక్క అదే.

బావ మంచాన పడ్డాడు, ఏళ్ళు లాగాడు. ఈలోపు పిన్ని పోయింది. రెండ్రోజుల జ్వరమన్నారు. నేను వెళ్ళేసరికి సమాధి దగ్గర పాట పాడుతున్నారు. ఒకరు పోతే చెబుదామని కూర్చున్నాను, చెప్పించుకోవాల్సిన మనిషి ముందు పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా నాకు అంత కాలం పట్టింది.

బావ కూడా మొన్నామధ్య పోయాడు. ఆ తోటలో ఎప్పుడో ప్లాట్లు వేశారు. ముందు అక్కకి ఫోన్ చేసి చెప్పాను. అంతా వింది. ఆయనకి తెలుసా అని ఒక్కటే అడిగింది. తెలియదన్నాను. ఫోన్ పెట్టేసింది. ఇంకా చెయ్యలేదు. చేస్తుందో లేదో కూడా తెలియదు.

ఆ మర్నాడు తెనాలిలో రైలు మారి రేపల్లె రైలెక్కాను. బాబాయి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. కుశలప్రశ్నలయ్యాక నేను చెప్పడం మొదలుపెట్టాను. మెలికలు పెట్టకూడదని ముందే అనుకున్నాను. చెట్లకి రోగం ఉందని చూశాను, పరీక్షలో బయటపడకూడదని కింది ముదురాకులు కోశాను, తెలిసే మీకు పిలకలు ఇప్పించాను, చేమ సంగతి మీరు అడిగినప్పుడు కాదని తెలిసీ కావచ్చన్నాను. అంతే చెప్పాను. కిందాకు కోస్తే రోగం తెలవదా అని అడిగాడు. తెలియదు బాబాయ్, అది పై ఆకుల్లోకి పోతుంది, దుంపలోకి పోతుంది, ముందే ముదిరిన ఆకులోకి రాదు అన్నాను. తలాడించాడు.  తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా చూశాను.

తర్వాత సాంబయ్యకి కూడా చెప్పిరమ్మన్నాడు. తాను రానన్నాడు. తాను వస్తే, నన్ను తీసుకొచ్చి చెప్పించాడని అనుకుంటాడట. నా సంచి అక్కడే పెట్టి వెళ్ళాను.

సాంబయ్య గారు నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు, కాఫీ పెట్టమని లోపలికి చెప్పాడు. నేను చెప్పడం అయ్యాక కాఫీ మాట మళ్ళీ ఎత్తలేదు.  వాళ్ళ నాన్నగారు పోయిన రోజు యోహాను చూడటానికి వస్తే, అక్కర్లేదని గేటు దగ్గరి నుంచే పంపేశానని మాత్రం చెప్పాడు. నాతో కాదు, గేటు వైపు చూస్తూ చెప్పాడు. నేను లేచి నమస్కారం పెట్టాను. తిరిగి పెట్టలేదు.

వెనక్కి వచ్చేసరికి బాబాయి అదే కుర్చీలో ఉన్నాడు. చెప్పావా అన్నాడు. చెప్పానన్నాను. సంచి తీసుకున్నాను. క్షమించమని అడగలేదు. పోనీలే అనేస్తాడేమోనని భయం వేసింది. ఆ మాట ఆ ఇంట్లో ఇంకోసారి వినడం నావల్ల కాదు. మెట్టు దిగుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినబడింది. కోపం లేదు, నిజంగా అడుగుతున్నాడు.

"మరి మార్తకెవరు చెబుతారమ్మాయ్?"

ఆ ప్రశ్నతోనే రైలెక్కాను.  ఇది రాయడం మొదలుపెట్టిందీ దానితోనే. రాస్తున్నంతసేపూ ఎవరికి రాస్తున్నానో నాకు తెలుసు, మీరు ఏమీ అనుకోకండి. పొలంలో ఆ రోజు నా వెనక నిలబడిన మనిషి వైపు తిరిగి అనాల్సిన మాట ఇది. ఇప్పుడు అంటున్నాను. వినేవాళ్ళు లేకపోయినా నోట్లోంచి బయటికి వచ్చింది.

పిన్నీ, నీ చేమ వల్ల కాదు. తెగులు పిలకలతోనే వచ్చింది. నాకు తెలుసు.